మధ్యకు రాని లీవరు

పురానాపూల్ దాటినంక ఎడమకు తిరిగితే
మల్కయ్య కట్టెల అడితి.
రంజాన్‌కు ఇంక పదకొండు దినాలు.
హలీమ్ భట్టీలోళ్లు అడ్వాన్సులిచ్చి పోయిన్రు.
మొద్దులు చీల్చే మిషన్ మాత్రం
పావుగంట పనిచేసి
ముప్పావుగంట మూల్గుతున్నది.

పొద్దున పదింటికే ట్యాంకు మీద చెయ్యి ఆనలే.
చల్లిన నీళ్లు చూస్తుండంగనె ఆరినయి.
"నూనె సరిపోతలేదా?" అన్నడు మల్కయ్య,
ఎడ్లకు కుడితి పెట్టిన్రా అని అడిగినట్టు.
అద్దంల నూనె నిండుగనే ఉన్నది,
నల్లగ, మాడిన పులుసు వాసనతోని.

మొత్తం వొంపేసి
అరవై ఎనిమిది నంబరు నూనె పోసిన,
మన ఎండకు పలసబడనిది.
పాత ఫిల్టరు నిండ బురద, రంపపు పొట్టు.
కొత్తదానికి రాణిగంజ్ పోయిన.
నాలుగో దుకాణంల దొరికింది,
మూడో దుకాణపాయన తమ్మునిదే ఆ నాలుగోది.

పైపులు తడిమిన. ఎక్కడ నలగలే.
పంపుకు చెవి పెట్టి ఇన్న,
గులకరాళ్ల సప్పుడు లేదు,
గాలి మింగుతలేదు.
చాలూ చేసిన.
ఇరవై నిమిషాలకు మళ్ల అదే జరం.

చాయ్ తాగుకుంట కూసున్న.
మిషన్ మీద మొద్దు లేదు,
ఉలి లోపటికి పోయి ఆగింది.
ఖాళీగున్న ఇంజను తేలిగ్గ తిరగాలె గద?
ఇదేంది,
చింత మొద్దు నెత్తినెత్తుకున్నట్టు రొప్పుతది!

గిలాస కింద పెట్టి వంగి చూసిన.
లీవరుకు సైకిల్ ట్యూబు ముక్క,
మూడు ముళ్లు.

బుగ్గయ్య తల దించుకున్నడు.
ముప్పై ఏండ్లు గొడ్డలితోని చీల్చిన మనిషి.
"దసరా కాడ లోపటి స్ప్రింగు తెగింది బిడ్డా.
లీవరు దానంతట అది రాదు.
మాటిమాటికి గుంజ నా బుజం రాదు.
మిషన్ వచ్చిన నాడే సగం కూలి పోయింది,
చెడిందంటే మిగిలింది గూడ..."

ట్యూబు లీవరును గుంజుతనే ఉన్నది,
మధ్యన నిలవనిస్తలేదు.
ఉలి ఆగినా పంపు తొయ్యుడు ఆపలే.
పోను తొవ్వ లేని నూనె
రిలీఫ్ వాల్వు సందులకెళ్లి ఒత్తుకుంట, కాగుకుంట
ట్యాంకుల పడ్డది,
దసరా నుంచి.

స్ప్రింగుకు నూట ఇరవై.
"ఏమైండె?" అన్నడు మల్కయ్య.
"పాతగైంది, మార్చిన" అన్న.
బుగ్గయ్య ట్యూబును చుట్ట చుట్టి
అంగీ జేబుల పెట్టుకున్నడు.

మూడింటి దాక సర్కారు తుమ్మ చీల్చిన్రు.
ట్యాంకు మీద చెయ్యి పెట్టి పది లెక్కవెట్టిన,
ఇంకో పది లెక్కవెట్టిన.
గోరువెచ్చకు జరంత ఎక్కువ.

"సల్లబడ్డదా?" అని వచ్చిండు బుగ్గయ్య.
అంగీ పక్కకు జరిపి
కుడి బుజం ట్యాంకుకు ఆనించి
కండ్లు మూసుకున్నడు.
"గింత ఉండనియ్యి" అన్నడు,
"కాపడానికి సరిపోతది."