ఒక్క డబ్బా ఎరుపు

గవర్నరుపేటలో ప్రెస్సు తెరిచిన ఏడు
బెజవాడ దీపాలకు నల్లకాగితం చుట్టారట.
విశాఖ మీద బాంబులు పడ్డ వార్తను
మా నాన్న లాంతరు వత్తి తగ్గించి కంపోజు చేశాడట.

యజమానులు ఇద్దరు, పేరయ్య గారు, అచ్యుతం గారు.
ఒకరు ట్రెడిల్ తొక్కితే
ఒకరు కాగితం అందించేవారు.
ఒక్క టీ తెప్పించి, గ్లాసులో సగం, సాసర్లో సగం.
వాదనలు లేవా అంటే, ఉన్నాయి.
"ముందు హిట్లరు సంగతి తేలనీవోయ్" అని
ఏ పూటకాపూట వాయిదా వేసుకున్నారు.

తేలింది.
ఆ రాత్రి వాల్‌పోస్టరు వేశారు,
అమెరికా జెండా, రష్యా జెండా పక్కపక్కన.
ఎరుపు సిరా ఒక్కటే డబ్బా, అదీ అడుగంటింది.
కిరసనాయిలు కలిపి సాగదీశారు.
చారలకూ అదే,
సుత్తీ కొడవలి చుట్టూరా అదే.

గొడవపడ్డ రోజంటూ ఏదీ లేదనేవాడు నాన్న.
ఒక ఉదయం పేరయ్య గారు
కుర్చీ కిటికీ వైపు తిప్పుకున్నారు, అంతే.
వాయిదా పడ్డవన్నీ ఒక్కొక్కటే వచ్చి కూర్చున్నాయి.

ఈ బల్ల మీద నున్నటి అమెరికా కాగితాలు.
ఆ బల్ల మీద ట్రాక్టరెక్కి నవ్వే రష్యా ఆడవాళ్ళు.
రెంటిలోనూ పండింది గోధుమే.
వరన్నం తిని చెయ్యి కడుక్కుని
ఏ గోధుమ గొప్పదో ఏళ్ళ తరబడి తేల్చుకోలేకపోయారు.

మధ్యలో తడిక వచ్చింది. తర్వాత ఇటుకలు.
అక్షరాల పెట్టెను మాత్రం పంచుకోలేకపోయారు,
రెండో సెట్టు కొనే తాహతు అప్పటికి ఎవరికీ లేదు.
గోడకు కన్నం పెట్టి
ఆ కన్నంలో మా నాన్నను నిలబెట్టారు.

శాంతి ఇద్దరికీ కావాలి. 'శ'లు ముందుగా అరిగిపోయాయి.
స్వేచ్ఛ ఇద్దరికీ కావాలి.
మా పెట్టెలో 'చ్ఛ'లు ఆరంటే ఆరే.
పొద్దున అటువైపు స్వేచ్ఛ అచ్చయ్యాక
విప్పి, కడిగి, గళ్ళలో సర్దితే గానీ
ఇటువైపు స్వేచ్ఛ మొదలయ్యేది కాదు.

ఆయన సిలిండరు మిషను కొన్నాడని
ఈయన అంతకన్నా పెద్దది కొన్నాడు, ఇద్దరూ అప్పు మీదే.
ఏది తిప్పినా గోడ కూలుతుందని మేస్త్రీ చెప్పాడు.
గోడ కూలితే కప్పు కూలుతుంది.
రెండూ గుడ్డ కప్పుకుని కూర్చున్నాయి.
వారం వారం నూనె మాత్రం మానలేదు.

ఒకరి మీద ఒకరు చెయ్యి ఎత్తలేదు ఏనాడూ.
ఎదురుపడితే నమస్కారం కూడా ఉండేది.
దెబ్బలన్నీ ఏలూరు రోడ్డులో,
కాగితాలు అమ్మే కుర్రాళ్ళ మధ్య.
పదకొండేళ్ళ మస్తానుకు కుడికన్ను పోయింది.
రెండు వైపులా ఖండిస్తూ కరపత్రాలు వచ్చాయి.
ఒకే పాయింటు, ఒకే నాన్న.

పేరయ్య గారు పోయిన రోజు
అచ్యుతం గారు కృష్ణ ఒడ్డున దూరంగా నిలబడి వచ్చారు.
పది రోజులు ప్రెస్సు తెరవలేదు.
పదకొండో రోజు కన్నంలోంచి అవతలికి తొంగిచూసి
"ఇక నేను ఎవరి మీద రాయాలోయ్?" అన్నారు.
నాన్న స్టిక్కు పట్టుకుని అలాగే నిలబడ్డాడు,
మేటరు ఇస్తారేమో అని.

సీసం కిలోల లెక్కన పోయింది.
ఖాళీ పెట్టె అడుగున
గళ్ళకు తుప్పు అంటకుండా పరిచిన కాగితం ఒకటి,
తిరగేస్తే రెండు జెండాలు.
ఎరుపు ఎక్కడికక్కడ పాలిపోయింది,
రెండు చోట్లా ఒకేలా.

మస్తాను ఇప్పుడు వన్‌టౌన్‌లో పాత పుస్తకాలు అమ్ముతాడు.
చూపిద్దామని పట్టుకెళ్ళాను.
మిగిలిన కంటికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు.
జెండాల గురించి ఏమీ అనలేదు.
"ఆ రోజు నా చేతిలో ఉన్నది
ఎవరి కాగితం పాపా?
మీ నాన్న ఎప్పుడైనా చెప్పాడా?"