మూడు పౌండ్ల గాలి

అక్టోబరు చివర, ఎగిల్స్‌స్టాదిర్‌లో
నా కొట్టు ముందు పికప్ ఆపి
స్టెయిన్‌వోర్ దిగింది, చేతిలో కుట్టుపని టేపుతో.
పక్క సీట్లో అన్న కోల్‌బేన్. దిగలేదు.
అద్దం కాస్త దించి
"మా నాన్న ముప్పై ఒకటి మీదే ఈ కొండలన్నీ ఎక్కాడు" అన్నాడు.
నిరుడు ఆ ముప్పై ఒకటి మీదే
మంచులో ఇరుసు దాకా కూరుకుపోయి
రాత్రంతా నడిచి
రెండు కాలివేళ్లు పోగొట్టుకున్నవాడు.

ఆమె చక్రం గూడు కొలిచింది,
పసివాడికి స్వెట్టరు కొలిచినట్టు,
ఎదుగుతాడని రెండు వేళ్లు వదులుగా.
"ముప్పై ఎనిమిది" అంది.

నా బేరం నేనే చెడగొట్టుకోవడం నాకు పాత జబ్బు.
చెప్పాను:
మడ్‌గార్డులు కొయ్యాలి,
లోపలి రేకు సుత్తితో వెనక్కి తొయ్యాలి,
గేర్లు మార్చాలి, లేదంటే ఎత్తు మీద బండి
ముసలి గుర్రంలా నిట్టూరుస్తుంది.
స్పీడు మీటరు అబద్ధాలకి అలవాటు పడుతుంది,
అది ఎనభై అంటుంది, నువ్వు నూటికి దగ్గర్లో ఉంటావు.
డీజిలు సంగతి ఇక అడక్కు.
ముప్పై ఐదుతో సరిపెట్టుకో,
పది గొర్రెల ఖరీదు మిగులుతుంది.

"గొర్రెల కోసమే కదా వచ్చింది.
పదకొండు ఇంకా పైనే ఉన్నాయి."

గోడకి ఆనించిన వాటిల్లో
నాగలి కర్రుల్లాంటి పళ్లున్న టైరు ఒకటుంది.
కుర్రాళ్లంతా దాన్నే నిమురుతారు.
కోల్‌బేన్ కుంటుతూ దిగి
తనూ దాన్నే నిమిరాడు.
అది కరిచే టైరు, బురదకి.
మంచుని కరిస్తే మంచు గొయ్యి చూపిస్తుంది.
నేను రెండోది దొర్లించుకొచ్చాను:
మెత్తటి రబ్బరు, సన్నటి గాట్లు,
నొక్కితే నొక్కినంత లొంగే పక్కలు.
చూపులకి చప్ప.

"గాలెంత పెట్టాలి?"
రోడ్డు మీద ఇరవై ఐదు.
పైన, మంచు మొదలయ్యే చోట
దిగి, నాలుగింటికీ గాలి తీసెయ్యి.
పది. ఆరు.
మూడు పౌండ్లకి వచ్చాక
పీట మీద పిండిముద్దలా
పరుచుకుని కూర్చుంటుంది.

గాలి తీస్తే మనిషి కుంగిపోతాడు,
ఇది మాత్రం తేలుతుంది, అన్నాను.
అంటూ అన్నకేసి చూడకుండా ఉండాల్సింది.

నాలుగు రోజుల పని.
కోసిన రేకు ముక్కలు పారేయనివ్వలేదు,
కోళ్ల గూటికి పనికొస్తాయంది.
సగం డబ్బు, సగం మాంసం,
ఆ మాంసం ఇంకా కొండ మీదే తిరుగుతోంది.

నవంబరు పన్నెండున ఫోను.
గాలి హోరు, వెనక గొర్రెల అరుపులు.
"తొమ్మిది దొరికాయి."
తర్వాత కాసేపు ఏమీ అనలేదు,
ఆ రెండింటి గురించి.
తర్వాత నవ్వింది.
మంచు మీద బండి జాడ
బెత్తెడు లోతైనా లేదట.
నమ్మలేక, చూద్దామని
కోల్‌బేన్ తలుపు తీసి కాలు కింద పెట్టాడట.
నడుము దాకా దిగిపోయాడు.

బండి పైనే ఉంది,
ఇంజను ఆపకుండా,
ఆయన పైకొచ్చేదాకా.