మూడు పిన్నులు

శుక్రవారం పొద్దున, కువైట్ జిలీబ్‌లో
ఆరో అంతస్తు వంటగది.
ఏసీ ఆపేసినా.
వారంలో ఆరు రోజులు ఏసీలు నడిపించి బతికేవాణ్ణి,
ఏడోరోజు దాని నోరు మూయించడానికి స్టూలెక్కినా.

పోయిన నెల తీసిన వీడియోలో
రెడ్డెమ్మక్క లేదు. బొమ్మయితే ఉంది.
ఏసీ హోరు, ఫ్రిజ్ గురక,
కింద బకాలా ముందు ఎవడో కొట్టిన హారన్,
వాటన్నిటి అడుగున
కుండకంటిన గంజిలాగా ఆమె మాట.
"రాగిసంగటి చూపించమంటే
సముద్రం వినిపించినావు కదన్నా" అన్నాడు బాబాఫకృద్దీను.

కెమెరాకు ఒళ్ళంతా కన్నే.
చెవి పేరుతో ఉండేది రెండు సూదిబెజ్జాలు.

అందుకే అల్‌రాయ్ జుమ్మా బజారుకు పోయి
స్టూడియో ఎత్తేస్తున్న తంగచ్చన్ దగ్గర
ఇరవై రెండు దినార్లకు బేరమాడి తెచ్చినా:
రెండు మైకులు, బారెడు బారెడు కేబుళ్ళు,
కెమెరా కడుపు కింద బిగించే ఇనప డబ్బా.
మైకు తీగె మొన బొటనవేలంత,
కెమెరా బెజ్జం బియ్యపుగింజంత.
ఆ ఇద్దరికీ పొత్తు కుదిర్చేది ఈ డబ్బా.

తంగచ్చన్ వచ్చీరాని హిందీలో చెప్పినాడు:
మూడు పిన్నులు. ఒకటి నేల.
మిగిలిన రెండిట్లో ఒకే గొంతు నడుస్తుంది,
ఒకదాంట్లో నిలబడి, ఇంకోదాంట్లో తలకిందులుగా.
దారిలో దూరే రొద రెండిట్లోనూ ఒకే తీరుగా దూరుతుంది.
చివర్లో తలకిందుల దాన్ని తిప్పి నిలబెడితే
రొదా రొదా కొట్టుకుని చస్తాయి,
గొంతూ గొంతూ కలిసి రెట్టింపవుతాయి.
నాకు సగమే అర్థమయింది.
ఇక్కడ పద్నాలుగేళ్ళూ సగంతోనే నెట్టుకొచ్చినా.

పెద్ద మైకును మాపు కర్రకు కట్టినా.
దానికి నలభై ఎనిమిది వోల్టులు పెట్టాల,
మాట మోసుకురావాలంటే ముందు దానికి తిండి పడాల.
ఆ కరెంటును దయ్యం కరెంటంటారంట.
కెమెరాలో ఆటో తీసేసినా.
అదుంటే, మనం నోరు మూసుకున్నప్పుడల్లా
చెవి రిక్కించి గోడల్ని కూడా వింటుంది.

హెడ్‌ఫోన్ పెట్టుకుంటే గుయ్యిమని ఒకటే కూత.
డబ్బా పక్కన చిన్న మీటుంది, నేలను వదిలేసే మీట.
నొక్కితే కూత ఆగిపోయింది.
"మనం నేల వదిలి ఇన్నేళ్ళాయె,
మన చెవుల్లో మాత్రం పోలేదేంది?"
అని ఫకృద్దీను నవ్వినాడు.

"మాట్లాడక్కా."
మాట్లాడింది.
తెర మీద పచ్చగీత ఆవగింజెత్తు లేచింది.
"గట్టిగా."
"గట్టిగానే కదబ్బా."
పన్నెండేళ్ళు, పండుకున్న బిడ్డ లేవకుండా,
మేడమ్ ఫోనుకు అడ్డం పడకుండా,
తలుపవతలే నిలబడి నేర్చిన గొంతు అది.
దానికదే గట్టి.

డబ్బా మీద గెయిను పెంచినా, కొంచెం కొంచెంగా.
పిండి ఎసట్లో పడే చప్పుడు వచ్చింది.
గాజులు వచ్చినాయి.
కూచున్నప్పుడు మోకాలు టక్కుమనడం,
గుటక మింగడం,
ఎవరూ వినరనుకుని తనలో తాను
"ఉండ కట్టిందే దీని మొగం మండ" అనడం,
అన్నీ వచ్చినాయి.
ఇన్నేళ్ళుగా తెలిసిన మనిషి,
ఈ పొద్దే కొత్తగా ఎదురుపడినట్టుంది.

"ఏం వింటాండావబ్బా అంత ఇదిగా? నన్నూ విననీ."
రికార్డింగు నడుస్తుండగానే
కొంగు మీద నుంచే హెడ్‌ఫోన్ తగిలించినా.
"సంగటి," అన్నది.
ఉలిక్కిపడి వెనక్కి చూసింది.
"ఎవరీమె? మా చిన్నక్క గొంతు కదా ఇది."
ఇంకోసారి, "సంగటి."
తర్వాత ఊరి పేరు. తర్వాత తన పేరు,
ఇంటిపేరుతో సహా,
రోల్‌కాల్‌లో పలికినట్టు కాదు,
వంక అవతలి మనిషిని పిలిచినట్టు.

పచ్చగీత పసుపు దాటి ఎర్రకు తగిలింది.
ఇంకొక్క పిసరు పెరిగితే గొంతు పగులుతుంది,
గెయిను తగ్గించాల.
నా చెయ్యి మీట దాకా పోయి అక్కడే ఉంది.
పొయ్యి మీద సంగటి
అడుగంటుతా ఉంది.