బస చేయుటకు కారణం

కరెంటు పోయి వచ్చేసరికి
ఫారం మళ్లీ మొదటి పేజీకొచ్చింది.
పొందూరులో నా నెట్ సెంటర్‌కి ఇది మామూలే.

ఎస్తోనియా మారిట్‌కి ఇంకా పదకొండు రోజులు.
టూరిస్టు వీసా ఇక సాగదు.
చదువు వీసాకి కాలేజీ కావాలి,
దాలమ్మ వసారాకి గుర్తింపు లేదు.
ఉద్యోగమంటే జీతం చూపాలి,
వడికే దాలమ్మకే ఏం గిడుతుందో
ఆ అంకె టైపు చేయడానికి నాకు చెయ్యి రాలేదు.

పెళ్లయితే ఓ దారుందట, అన్నాను నవ్వుతూ.
మారిట్ నవ్వలేదు.
గోటిలో ఇరుక్కున్న దూది తీసుకుంటోంది.

బల్ల మీద దాలమ్మ,
ఒడిలో పత్తి ఏకే వాలుగ చేప దవడ.
"ఏటంతంది ఆ పెట్టి?"
ఎందుకుండాలో చెప్పమంటోంది.
"నూలు తెగకండా తీసీవరకూ అని రాయి బాబూ.
పొద్దుట్నించి ఏడుపాల్లు తెగిపోనాది."

గడిలో యాభై అక్షరాలే పడతాయి.
'ఇతరములు' నొక్కాను.
ఆధారం జతచేయమంది.

మారిట్ స్కానర్ అద్దం మీద
తను తీసిన పోగు పరిచింది.
తెర మీద ఉత్త తెల్లకాగితం.

దాలమ్మ నా నల్ల గొడుగు గుడ్డ లాగి
పైన కప్పింది.

అప్పుడు కనబడింది
సన్నగా,
ఏడు ముడులతో.