మూడో ట్రిప్పు

తిమింగలం కనబడకపోతే
మళ్లీ ఉచితం. మా టికెట్టు మీది మాట.

పొద్దున తొమ్మిదింటి పడవకి పొగమంచు.
ఒంటిగంటకి అలలూ, వాంతులూ;
బకెట్లు కడగడంతోనే సరిపోయింది నాకు.

ఐదింటికి ఎక్కింది హల్బేరా.
వేసవి మొదట్లో కొన్న టికెట్టే అది,
మడతల దగ్గర చిరిగి, ఉప్పు పట్టి.

ఇస్లేవుర్ ఇంజను ఆపాడు.
నీళ్లు నల్లగా ఉబ్బాయి.
కుళ్లిన చేపల కంపుతో ఒక ఊపిరి
అందరి మీదా తుంపరై పడింది.
జనమంతా ఆ పక్కకే ఒరిగారు, పడవతో సహా.

హల్బేరా మాత్రం
హూసవీక్ రేవు వైపు తిరిగి
కళ్లు గట్టిగా మూసుకుని కూర్చుంది
తోక మునిగేదాకా.

దిగుతూ టికెట్టు చాపింది:
"నాకేం కనబడలేదమ్మాయ్."

ఎనిమిదైనా పొద్దు వాలలేదు.
ఆమె కోటంతా అదే కంపు.
ముద్ర కొట్టాను:
మళ్లీ ఉచితం.