ఎనిమిది మార్కుల చీకటి

ప్రశ్న నేనే ఇచ్చాను.
"కథ చివర ముసలమ్మ దీపం ఎందుకు ఆర్పేసింది?
వెలుగు, చీకటి వేటికి ప్రతీకలో వివరించండి."
ఎనిమిది మార్కులు.

జవాబూ నేనే ఇచ్చాను, జూలైలో,
నల్లకుంట ఈవెనింగ్ కాలేజీ రెండో అంతస్తులో,
ట్యూబ్‌లైటు ఒకటి కొట్టుకుంటూ ఉండగా.
వెలుగంటే ఆశ, రాసుకోండి.
చీకటంటే నిరాశ, అజ్ఞానం, మరణం.
మూడింటి కిందా గీత గీయండి.

పద్దెనిమిదేళ్లుగా అదే ముసలమ్మ
అదే గుమ్మంలో అదే ప్రమిద పెట్టి
ఎవరి కోసమో చూసి చూసి
ఆఖరి పేరాలో ఉఫ్‌మని ఊదేస్తుంది.
ఆమె చచ్చిపోయిందని కథలో లేదు.
గైడులో ఉంది.
నేనూ గైడు పక్షమే.

ముప్ఫై ఒక్క పేపర్లు దిద్దాను.
ముప్ఫై ఒక్క ముసలమ్మలు నిరాశతో ఆర్పేశారు.
ఒకమ్మాయి నిరాశను నిరశన అని రాసింది;
అర మార్కు తీసేసి
దీక్షలో కూచున్న ముసలమ్మను తలుచుకుని నవ్వుకున్నాను.

ముప్ఫై రెండోది గడ్డం ఎల్లేశంది.
చివరి బెంచీ. నలభై దాటినవాడు.
మలక్‌పేట సెక్షన్‌లో లైన్‌మన్.
చేతిరాత స్తంభం మీద నంబరు వేసినట్టు
పెద్దగా, వంకరగా, వానకి చెరగనట్టుగా.

"మేడం, మీరు చెప్పింది యాదికున్నది.
గని రాయబుద్ధి కాలే.
మా పనిల చీకటంటే పానం.
ఎల్సీ తీసుకొని, గల్లీ మొత్తం బందైనంకనే
స్తంభమెక్కుతం.
మీరంత తిట్టుకుంట
అట్టముక్కలు ఊపుకునే ఆ అర్ధగంటనే
మా బతుకు.

పోయిన వానకాలం మూసారంబాగ్‌ల
చెట్టు విరిగి తీగెల మీద పడ్డది.
ఎల్సీ ఉండె.
పైన బాలమల్లు ఉండె.
కింద నేను తాడు పట్టుకొని ఉంటి.
పక్క ఫంక్షన్ హాల్ల పెండ్లి.
వాళ్ల జనరేటర్ కరెంటు
ఎనకకు మర్లి లైన్లకొచ్చింది.
మూలమీది వీధిబల్బు ఒక్కసారి ఎలిగింది.
పోరగాండ్లు కరెంటొచ్చిందని సప్పట్లు గొట్టిన్రు.
గా ఎలుగుల్నే సూసిన
వాని మొఖం.

ముసలమ్మ దీపం ఆర్పింది నిరాశతోని కాదు మేడం.
దీపం గుమ్మంల ఉంటె
వచ్చేటోనికి ఆమె కనవడ్తది,
ఆమెకు వచ్చేటోడు కనవడడు.
ఆమె బయటికి సూడాలనుకున్నది.
గంతే."

ఎక్కడా కింద గీత లేదు.
మార్జిన్‌లో నల్ల టేపు జిగురు మరక,
అందులో సగం వేలిముద్ర.

పుస్తకం తీసి కథ మళ్లీ చదివాను.
ఇన్నేళ్లూ పాఠం చెప్పాను గాని
చదవలేదు కాబోలు.
ఆఖరి వాక్యం అక్కడే ఉంది, పేజీ మడతలో:
ఊది, కళ్లు చికిలించింది.

చచ్చిపోయేవాళ్లు కళ్లు చికిలిస్తారా?

అప్పుడే పోయింది.
విద్యానగర్ అంతా ఒక్క గొంతుతో అబ్బా అంది.
లిఫ్టులో ఎవరో తలుపు బాదుతున్నారు.
ఎదురు అపార్ట్‌మెంట్ జనరేటర్
దగ్గి, మళ్లీ దగ్గి, అందుకుంది.
ఆ చప్పుడుకి
మొదటిసారి నా ఒళ్లు జలదరించింది.

ఫోన్ టార్చి వెయ్యలేదు.
కిటికీ దగ్గర నిలబడ్డాను.
మొదట ఏమీ లేదు.
తర్వాత నీళ్ల ట్యాంకులు,
డాబా మీద ఎవరో తీయడం మరిచిన చీర,
మలుపులో ట్రాన్స్‌ఫార్మర్,
దానికి ఆనించిన నిచ్చెన.
పైన ఒక మనిషి.
కింద ఇంకొకడు, తల పైకెత్తి.

ఎర్ర పెన్నుకి మూత పెట్టాను.
ఎనిమిదికి ఎంతో తర్వాత చూద్దాం.

ఇప్పుడే రాకు.
ఆ పాదం నేలకి ఆననీ.