తొమ్మిది అక్షరాలు

ఓస్తియా రేవులో నేను సమాధిరాళ్లు చెక్కుతాను.
అక్షరానికింత అని కూలి.
పొడుగు పేర్లవాళ్ల చావు నాకు కలిసొస్తుంది,
దాచేదేముంది.

వాన వెలిసిన పొద్దున వెట్టియా వచ్చింది,
గుడ్డపేలికలో చిల్లర మూటగట్టుకుని.
మొగుడి పేరు ఆర్కిప్పోస్. వైద్యుడు.
"పేరు కింద ఈ మాట ఉండాలన్నాడు" అని
మైనపు పలక ముందుకు జరిపింది:
ఎంపిరికుస్.
"అర్థం నాకూ తెలీదు. తిట్టేమో చూడు."

గ్రీకు తల, లాటిన్ తోక ఉన్న మాట.
తాళ్లు పేనే లైకోన్‌ని అడిగాను.
"లోపల ఉన్నది పెయిరా" అన్నాడు, ముడి పళ్లతో బిగిస్తూ.
"చేసి చూడటం.
గ్రంథం ఏమందో అక్కర్లేదు,
ఒంట్లో కంటికానని మూలమేదో అక్కర్లేదు,
ఇది ఇస్తే ఏమైంది, అది ఇస్తే ఏమైంది, అంతే.
ఓడల మీద పడే దొంగకీ మా వాళ్లు
అందులోంచే పేరు పెట్టారు.
వాడూ ఒక చెయ్యి వేసి చూసేవాడేగా!"

వాడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

మా తమ్ముడు పూసియోకి రాతిదుమ్ము దగ్గు.
ఆర్కిప్పోస్ అడవుల్లి దంచి
పులిసిన ద్రాక్షరసంలో గిన్నెడు పట్టించాడు.
నాలుగో రాత్రి వాడు పోయాడు.
రెండేళ్లకి అదే దగ్గు నాకు.
అదే అడవుల్లి, తేనెలో, ఈసారి చిటికెడు.
ఇస్తుంటే ఆయన చెయ్యి వణికింది.
నేను బతికాను.

అనుభవం అంటారు దాన్ని.
అనుభవించింది మా తమ్ముడు.
అనుభవజ్ఞుడన్న పేరు ఆయనది.
ఊపిరి నాది.

వెట్టియాకి ఇవేవీ చెప్పలేదు.
"తిట్టు కాదమ్మా" అన్నాను.
"అయితే మెప్పా?"
"అదింకా ఎవరూ తేల్చినట్టు లేదు."

లెక్కేస్తే ఆమె చిల్లర ఐదక్షరాలకే సరి.
మాట తొమ్మిది.
మిగతా నాలుగూ ఆమె వెళ్లాక చెక్కాను,
దీపం పక్కన పెట్టుకుని,
దగ్గొచ్చినప్పుడల్లా ఉలి ఆపుకుంటూ.
రెండో 'ఐ' కాస్త వంకర పోయింది.

గాళ్లలో దుమ్ము ఊదలేదు.
తడిగుడ్డతో తుడిచాను.
పూసియో పోయిన మర్నాడు
వాకిట్లో నిలబడి, లోపలికి రాకుండా,
ఆయనే చెప్పి వెళ్లాడది.